ముందే కొట్టిన ఊఁ

మా ఆఫీసులో ఎవరైనా "నోటెడ్" అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అదేమీ బూతుమాట కాదు. మీరు చెప్పింది విన్నాం, గుర్తుపెట్టుకున్నాం అని దాని అర్థం. అలా అనేవాళ్ళు విననూ వినరు, గుర్తుపెట్టుకోనూ పెట్టుకోరు అన్న సంగతి నాకు చేతులు కాలాక తెలిసింది. కాలినవి నా చేతులైనా బాగుండేది. మా మావ చేతులు కాలాయి.

నేను పుట్టింది మలేసియాలో, పేరాక్ తీరాన, బాగన్ దాతుక్‌లో. మా ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి కొబ్బరి ఎస్టేట్లలో పనికి వచ్చినవాళ్ళు. కూలీలుండే ఎస్టేటు లైన్లు పోయాయి, ఎవరిళ్ళు వాళ్ళు కట్టుకున్నారు, కానీ మాట మాత్రం ఓడ దిగినప్పటిదే మిగిలింది. ఆదివారం బడిలో మాకు అచ్చుపుస్తకాల తెలుగు రాయడం నేర్పారు. ఇంట్లో మాట్లాడింది మాత్రం వేరే తెలుగు. నేను ఇప్పుడు ఇలా రాస్తున్నది చూస్తే మా మావ "ఇదెవుల బాసే?" అని నవ్వుతాడు.

మావ అంటే మా అమ్మకి తమ్ముడు. మా పక్కిల్లే. సాయంత్రం అయితే పిల్లలందరం ఆయన వసారాలో చేరేవాళ్ళం, కథ కోసం. కథ వినేవాళ్ళు ఊఁ కొట్టాలి, ఊఁ ఆగితే కథ ఆగుతుంది. ఇది తెలుగు పిల్లలందరికీ తెలిసిందే. మా మావకి మాత్రం వట్టి ఊఁ చాలదు. అది చెవిలోంచి వచ్చిన ఊఁయో, ముక్కులోంచి వచ్చిన ఊఁయో తేల్చుకోవాలి. అందుకని కథ మధ్యలో, గొంతు ఏమాత్రం మార్చకుండా, ఒక అబద్ధం జొనిపేవాడు.

"అప్పుడా రాజుగోరు ఏనుగు దిగినాడు. దిగి, ఏనుగుని మడత పెట్టి జోబులో ఎట్టుకున్నాడు."

"ఊఁ," అనేదాన్ని నేను, కళ్ళు మూతలు పడుతుంటే.

"సెవి ఇలగియ్యి," అనేవాడు. చెవి ఇవ్వాల్సిందే, అది రూలు. మెలిపెట్టి, "ఏనుగు జోబులో పడతాదేటే గుంటా? ఇన్నావా, ఊరికినే ఊఁ అన్నావా?" అని అడిగేవాడు. అందరూ పకపకా నవ్వేవాళ్ళు. దొరికిపోయినవాళ్ళు కథ మొదట్నుంచి మళ్ళీ వినాలి. మొదట్నుంచి వినాల్సి వచ్చినందుకు మేం ఏడ్చింది లేదు, అది వేరే సంగతి.

పెద్దయ్యాక నేను చేరిన ఉద్యోగం ఏమిటయ్యా అంటే, యంత్రాల చేత ఊఁ కొట్టించడం. నవ్వకండి, నిజం. కౌలాలంపూర్‌లో ఒక ఆఫీసు. మేం చేసేది దూరాన ఎక్కడెక్కడో పెట్టిన చిన్న చిన్న పెట్టెలకీ, ఆఫీసులో ఉన్న సర్వర్‌కీ మధ్య మాటలు సరిగ్గా చేరేలా చూసే సాఫ్ట్‌వేర్. ఒక్కో పెట్టెలో రెండు ఫోన్ సిమ్‌లు ఉంటాయి. ఒక టవర్ పోతే పెట్టె రెండో సిమ్‌కి మారుతుంది. మారగానే దాని అడ్రసు మారిపోతుంది, మనం అద్దె ఇల్లు మారినట్టే. అప్పుడది సర్వర్‌కి కబురు పెడుతుంది: నేను ఇల్లు మారాను, కొత్త అడ్రసు ఇది, పాతది కొట్టేయి అని. సర్వర్ కొత్తది రాసుకోవాలి, పాతది కొట్టేయాలి, ఆ తర్వాత "అందింది, రాసుకున్నాను" అని జవాబు పంపాలి. ఆ జవాబుని మేం యాక్ అంటాం. అది వచ్చేదాకా పెట్టె పాత ఇంటి తాళంచెవి వదలదు. వచ్చాక వదిలేస్తుంది. సర్వర్ నిజంగా రాసుకుందో లేదో పెట్టెకి తెలిసే దారి ఇంకోటి లేదు. యాక్ వచ్చిందా, నమ్మాల్సిందే.

కాబట్టి అసలు నియమం చంటిపిల్లలకి కూడా తెలుస్తుంది. రాసుకున్నాకే ఊఁ అనాలి.

ఆ సర్వర్ కోడు నా చేతికి వచ్చిన కొత్తలో ఒకరోజు ఆ భాగం చదువుతున్నాను. అక్కడ ఏముందంటే: మొదట యాక్ పంపు. తర్వాత ఆ మార్పుని వరసలో పెట్టు. తీరిక దొరికినప్పుడు రాసుకో. వరస నిండిపోయి ఉంటే పారెయ్. నేను కళ్ళు నులుముకుని మళ్ళీ చదివాను. ముందే ఊఁ కొట్టేస్తోంది! వినకుండా ఊఁ కొట్టి, పైగా విననిదాన్ని పారేస్తోంది! రాసింది ఎవరా అని చూస్తే మా మేనేజరే. మేనేజరు కాకముందు, ఏదో డెమో హడావుడిలో రాశాడు.

ఆయనది హైదరాబాదు. నాకన్నా చిన్నవాడు, తెలివైనవాడు, మర్యాదస్తుడు. తెలుగు మాట్లాడే మనిషి ఆఫీసుకి వచ్చాడని మొదట్లో ఎంత సంబరపడ్డానో. నేను ఓసారి నోరుజారి "ఏటి?" అన్నాను. "భలే ఉందండీ మీ తెలుగు! సినిమాలో పాలేరు వేషం వేసినవాళ్ళు మాట్లాడినట్టుంది," అన్నాడు. పొగడ్త అనే అనుకున్నాడు పాపం. అప్పట్నుంచీ ఆయనతో అచ్చుపుస్తకం తెలుగే మాట్లాడుతున్నాను.

కోడు చూపించాను. ఆయన నవ్వాడు.

"అదా? డెమోలో కస్టమర్ మా నెత్తి మీద కూర్చున్నాడండీ, జవాబు ఇంకా రాలేదేం, ఇంకా రాలేదేం అని. అందుకని జవాబు ముందు పంపేశాం. ఆయన ఖుషీ. అయినా వరస నిండే పరిస్థితి ఎప్పుడొస్తుంది చెప్పండి? అన్ని పెట్టెలూ ఒకేసారి ఇల్లు మారితే కదా?"

"పెద్ద వాన పడితే టవర్లకి కరెంటు పోతుంది. అప్పుడు అన్నీ ఒకేసారే మారతాయి," అన్నాను.

"నోటెడ్ అండీ," అన్నాడు.

నేను ఊరుకోలేదు. కోడు సరిచేసి ఆయన ఆమోదానికి పంపాను. అది అక్కడే కూర్చుంది. వారం వారం మీటింగులో గుర్తుచేసేదాన్ని. వారం వారం నోటెడ్. గోడకి చెప్పుకుంటే నయం, గోడ నోటెడ్ అనదు. ఓసారి విసుగ్గా ఇంగ్లీషు మానేసి, "కస్టమరే అడగట్లేదు కదండీ. కందకి లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నాడు. కత్తిపీటని నేనేనన్నమాట!

ఇక్కడ మా మావ పని గురించి చెప్పాలి. మా ఊరు సముద్రమట్టానికి పల్లం. గట్టు కట్టి సముద్రాన్ని ఆపారు. వాన పడితే లోపలి కాలవల నీళ్ళు బయటికి పోవాలి కదా, అందుకని గట్టుకి అక్కడక్కడా తలుపులుంటాయి. మలయ్‌లో తలుపుని పింతు అంటారు, మావాళ్ళూ అదే అంటారు. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు పింతు ఎత్తితే లోపలి నీళ్ళు పోతాయి. సముద్రం పోటెత్తే ముందు దించేయాలి. దించకపోతే ఉప్పునీళ్ళు లోపలికొచ్చి మడులన్నీ తినేస్తాయి. మావ ఎస్టేటు పని మానాక ఆ పింతు కాపలాకి కుదిరాడు. ఇనప చక్రం తిప్పి ఎత్తడం, దించడం. ఆయన ఎండకీ వానకీ అలా ఆ చక్రం తిప్పుతూనే ఉన్నాడు, ఊళ్ళో ఎవరి మడిలోనూ ఉప్పు పడలేదు.

అలాంటి పింతులకి మోటార్లు బిగించి, మా పెట్టెలు తగిలించారు. ఇక ఎత్తడం, దించడం పట్నంలోని పింతుల ఆఫీసు నుంచి సర్వరే చూసుకుంటుంది. చక్రానికి గొలుసు చుట్టి తాళం వేశారు. తాళంచెవి పట్నంలో. మావని పనిలోంచి తీసెయ్యలేదు. నాచు తియ్యి, కాపలా ఉండు, చక్రం మాత్రం ముట్టుకోకు అన్నారు. ఇంకొకరైతే చిన్నబుచ్చుకునేవారు. మా మావకి గర్వం. నాకు ఫోన్ చేశాడు.

"గుంటా, నీ పెట్టె ఒచ్చినాదే! పచ్చ లైటు ఎలుగుతంది. నాను అందరికీ సెప్పినాను, మా గుంట సేసిన పెట్టె అని. గుడికాడ కూడా సెప్పినాను."

"నాను ఒక్కదాన్నే సెయ్యలేదు మావా," అన్నాను.

"అలగే అంతావు లా. నాకు తెల్దేటి?" అన్నాడు, మా మలేసియావాళ్ళ అలవాటు కొద్దీ మాట చివర లా తగిలించి.

మర్నాడు మేనేజరు దగ్గరికి వెళ్ళాను. మన పెట్టెలు సముద్రం గట్టున పెట్టారు, అక్కడ గాలివానలు ఎక్కువ, ఆ కోడు ఇప్పుడైనా ఆమోదించండి, అక్కడ కాపలా ఉన్నది మా సొంత మేనమామ అని చెప్పాను. "ఓ, నిజమా? స్మాల్ వరల్డ్!" అన్నాడు. తర్వాత నోటెడ్ అన్నాడు.

ఆ రోజు ఏడాది చివరి వానల్లో ఒక మధ్యాహ్నం. అమావాస్య పోటు రోజు. పొద్దున సముద్రం తగ్గినప్పుడు సర్వర్ పింతు ఎత్తించింది, కాలవల నీళ్ళు పోతున్నాయి. ఇంతలో గాలివాన ముంచుకొచ్చింది. టవర్లకి కరెంటు పోయింది. తీరం పొడుగునా పెట్టెలన్నీ ఒక్కసారిగా సిమ్‌లు మార్చుకుని, ఇల్లు మారాం, ఇల్లు మారాం అని సర్వర్‌కి కబుర్లు పెట్టాయి. సర్వర్ అన్నింటికీ ఊఁ, ఊఁ అంది. వరస నిండింది. మిగిలినవి పారేసింది. పారేసినవాటిలో మా మావ పింతు పెట్టె ఒకటి. పోటు మొదలయ్యే వేళకి సర్వర్ "తలుపు దించు" అని ఆజ్ఞ పంపింది, పాత అడ్రసుకి. అక్కడెవరున్నారు? పెట్టె కొత్త ఇంట్లో కూర్చుని పచ్చ లైటు వెలిగించుకుని ఉంది. దానికి యాక్ వచ్చింది కదా, దాని లెక్కలో అంతా బాగానే ఉంది.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ మధ్యాహ్నం నేను మీటింగులో ఉన్నాను. అత్త ఫోన్ చేసింది. ఎప్పుడూ పని వేళ చెయ్యని మనిషి.

"అమ్మీ, మీ మావ పింతుకాడున్నాడు. నీల్లు లోనకొచ్చెత్తన్నాయి. నీ పెట్టె కదల్నేదంట. ఆపీసోడికి పోను సేత్తే ముట్టుకోకు అంతన్నాడంట. ఏటి సెయ్యాలో నువ్వు సెప్పు, బేగి సెప్పు!"

ఏం చెప్పను? నేనున్నది కౌలాలంపూర్‌లో పదో అంతస్తు ఏసీ గదిలో. మేనేజరు వైపు తిరిగి, పింతు దిగట్లేదట అన్నాను. ఆయన లాప్‌టాప్ చూసి, "సర్వర్ గ్రీన్‌లో ఉందండీ. యాక్ వెళ్ళింది, కమాండ్ కూడా వెళ్ళింది," అన్నాడు. అవతల పట్నం ఆఫీసులో ఫోనెత్తినవాడు కూడా మావతో అదే పాట పాడాడు. సిస్టమ్ ఓకే లా, పక్చిక్, జంగన్ సెంతు. సిస్టమ్ బాగానే ఉంది పెద్దాయనా, ముట్టుకోకు.

మావ ఆఫీసుకి ఇంకోసారి ఫోన్ చెయ్యలేదు. ఇంటికెళ్ళి కొబ్బరికాయలు వలిచే గునపం తెచ్చి, తాళం పగలగొట్టి, వానలో ఒక్కడే ఆ చక్రం తిప్పాడు. మోటారు బిగించాక అది మునుపటిలా తిరగదు, మొండికేస్తుంది. అరచేతుల తోలు ఊడింది. మొత్తానికి దించాడు. అప్పటికే కాలవల్లోకి ఉప్పునీళ్ళు వచ్చేశాయి. కొబ్బరిచెట్లు ఓర్చుకున్నాయి, వాటికి ఉప్పు అలవాటే. అరటితోటలు, కూరగాయల మడులు, కొత్తగా నాటిన పామాయిల్ మొక్కలు పోయాయి. మావ దించకపోతే ఇళ్ళలోకి కూడా వచ్చేవి. ఈ మాట నేనంటున్నాను. ఇంకెవరూ అనలేదు.

విచారణ చేశారు. చేసినవాళ్ళు పింతు దగ్గరికి వచ్చారో లేదో నాకు తెలీదు, మా సర్వర్ తను చేసినవన్నీ రాసుకునే లాగ్ మాత్రం తెప్పించుకున్నారు. అందులో అడ్రసు మార్పుకి యాక్ ఇచ్చినట్టు ఉంది. ఆజ్ఞ పంపినట్టు ఉంది. ఇక యంత్రం తప్పు ఏముంది? అక్కడ విరిగిన తాళం ఉంది, గునపం ఉంది, మా మావ ఉన్నాడు. కాపలాదారు అనుమతి లేకుండా తాళం పగలగొట్టి తలుపుని కెలకడం వల్లే అది సకాలంలో దిగలేదని తేల్చేశారు. ఉద్యోగం తీసేశారు. ముందు వెనకలు తారుమారు చేసినా అడిగే నాథుడు లేడు. తలుపు దిగలేదు కాబట్టి తాళం పగలగొట్టాడా, తాళం పగలగొట్టాడు కాబట్టి తలుపు దిగలేదా? యాక్ ఉంది కదా, రెండోదే నిజం!

ఉద్యోగం పోతే మావ బాధపడే రకం కాదు. ఊరు మాట్లాడటం మానేసింది, అదీ ఆయన్ని తిన్నది. శనివారం గుడిలో భజన ఎత్తుకునేది మా మావే. ఆ తర్వాత ఆయన ఎత్తుకుంటే అందుకునే గొంతులు తగ్గాయి. అరటితోట పోయిన పాత స్నేహితుడు ఒకాయన, చిన్నప్పుడు ఒకే ఎస్టేటు లైనులో పెరిగినవాడు, గుడి మెట్ల మీద అందరూ వింటుండగా అన్నాడట. "నీ మేనకోడలి పెట్టె బాగానే ఉన్నాదంట కాదేటి. నువ్వే ఏటో కెలికినావు. ముట్టుకోకురా అంతే ఇన్నావా?" అని. మా గుంట చేసిన పెట్టె అని మావ ఎక్కడ చాటుకున్నాడో, అదే మెట్ల మీద. ఆ తర్వాత శనివారాలు మావ గుడికి వెళ్ళడం మానేశాడు. ఈ సంగతి అత్త చెబితే నేను కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లో మోనోరైలు స్టేషన్ కింద, పూలదుకాణాల మధ్య నిలబడి, పదిమందీ చూస్తుండగా భోరుమన్నాను.

ఆఫీసులో పోట్లాడాను. మేనేజరు ఓపిగ్గా విన్నాడు, అదే నాకు మరీ మంట. "మీ బాధ అర్థమవుతుందండీ. కానీ లాగ్‌లో యాక్ ఉంది కదా. లాగ్ అబద్ధం చెప్పదు," అన్నాడు.

లాగ్ అబద్ధం చెప్పదట. అప్పుడు గుర్తొచ్చింది నాకు మా మావ రాజుగారి ఏనుగు.

ల్యాబులో ఒక పెట్టె, ఒక సర్వర్ పెట్టుకున్నాను. పెట్టె చేత సర్వర్‌కి కబురు పంపించాను: నేను ఇల్లు మారాను, కొత్త అడ్రసు ఇది. ఆ అడ్రసు ఎలాంటిదంటే, ఏ ఒక్క యంత్రానికీ సొంతంగా ఉండకూడనిది. వీధిలో నిలబడి అందరినీ కలిపి ఒకేసారి కేకెయ్యడానికి వాడేది. అది నా ఇల్లు అంటే, ఊరంతా నా ఇల్లు అన్నట్టే. చదివిన సర్వర్ ఏదైనా సరే, ఛీ పో, ఇదేం అడ్రసు అని తిప్పికొట్టాలి. మా సర్వర్ ఏమంది? యాక్. వెంటనే. ఏనుగు జేబులో పడుకుంది. ఊఁ.

మేనేజర్ని పిలిచి చూపించాను. ఒకసారి కాదు, ఆయన చేతనే మీట నొక్కించి చూపించాను. ఆయన ముఖం పాలిపోయింది. చదువుకున్నవాడు, అర్థం కాకపోవడమేముంది. ఆ తర్వాత అడిగిన మొదటి మాట ఇదీ: "ఇది ఇంకెవరికైనా చూపించారా?"

"లేదు. మీరే చూపించాలి. ఆ పింతుల ఆఫీసుకి రాయండి, మా మావ తప్పు లేదని."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. అప్పటిదాకా ఎప్పుడూ సొంత సంగతి చెప్పనివాడు చెప్పాడు. ఇక్కడ పనిచేసే పర్మిట్ ఈ ఏడాది పొడిగించాలట. పాప ఇక్కడే బళ్ళో చేరిందట. ఈ కాంట్రాక్టు పోతే తననే ముందు పంపించేస్తారట. "కోడు ఇవాళే ఆమోదిస్తానండీ. వచ్చే వెర్షన్‌లో వెళ్ళిపోతుంది. అందరికీ మంచిది. పాతది తవ్వడం ఎందుకు?" అన్నాడు.

ఆయన భయం అబద్ధం కాదు. ఒక్క క్షణం జాలి కూడా వేసింది. జాలి వేసినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది. ఆయన పాప బడి కోసం మా మావ ఎందుకు గుడి మానుకోవాలి? అదే అడిగాను. ఆయన తల దించుకుని, "పైవాళ్ళతో మాట్లాడతాను. నోటెడ్," అన్నాడు.

పైవాళ్ళతో మాట్లాడాడో లేదో తేలలేదు. వారం వారం నేను పంపే పనుల నివేదికలో ప్రతిసారీ మొదటి వాక్యంగా అదే అడిగేదాన్ని. ప్రతిసారీ ఒకటే జవాబు. ఓ శుక్రవారం నాకు తిక్క రేగింది. మామూలు పనులు రాసి, మధ్యలో ఇలా రాశాను: ఈ వారం సర్వర్‌ని కొబ్బరిపాలలో నానబెట్టి ఎండలో ఆరేశాం. ఏనుగుని మడతపెట్టి జేబులో పెట్టాం. ఫలితాలు సంతృప్తికరంగా ఉన్నాయి. పంపాను. కాఫీ తాగి వచ్చేలోపు జవాబు వచ్చింది.

"నోటెడ్. గుడ్ వర్క్!"

బాత్రూములోకి పోయి నవ్వాను. నవ్వీ నవ్వీ ఏడ్చాను. మా మావలా మేనేజరు చెవి మెలిపెట్టే హక్కు నాకెవరిచ్చారు?

ఆ సాయంత్రమే పింతుల ఆఫీసుకి నేనే రాశాను, నా సొంత పేరుతో. ఏం జరిగిందో, ఎలా పరీక్షించానో, తాళం ఎందుకు పగలగొట్టాల్సి వచ్చిందో అంతా వివరంగా, మలయ్‌లో. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. రెప్పపాటులో జవాబు వచ్చింది. మీ సందేశం మాకు అందినది, ధన్యవాదములు అని. ఆత్రంగా తెరిచాను. చూస్తే అది మనిషి రాసింది కాదు, యంత్రం దానంతటదే పంపింది. ఆ తర్వాత ఇప్పటిదాకా ఇంకో ముక్క రాలేదు. నేను ఎన్నిసార్లు రాసినా ఆ ఊఁ ఒక్కటే, వెంటనే వస్తుంది.

కొత్త వెర్షన్ వెళ్ళింది. అందులో నా కోడు ఉంది, ఇప్పుడు సర్వర్ రాసుకున్నాకే యాక్ పంపుతుంది. వెర్షన్‌తో పాటు కస్టమర్‌కి ఇచ్చే వివరాల్లో దాని గురించి ఒక వాక్యం ఉంది: అడ్రసు మార్పుల నిర్వహణ మెరుగుపరచబడింది. ఎవరి చేత మెరుగుపరచబడిందో, అంతకుముందు ఎవరి కొంప ముంచిందో ఆ వాక్యానికి అక్కర్లేదు. మేనేజరు పర్మిట్ వచ్చింది. టీముకి బిర్యానీ తెప్పించాడు. నేను తినలేదు.

తర్వాతి శనివారం కారు తీసుకుని బాగన్ దాతుక్ వెళ్ళాను. గుడిలో భజన మొదలైనట్టుంది, తాళాలు వినబడుతున్నాయి. మావ వెనక పెరట్లో ఉన్నాడు, నేలలో పాతిన గునపం మీద ఎవరివో కొబ్బరికాయలు వలుస్తూ. చేతులు మానాయి కానీ తోలు మునుపటిలా లేదు, మెరుస్తోంది. భజన వినబడనట్టే వలుస్తున్నాడు.

"ఒచ్చినావేటే గుంటా. కూకో," అన్నాడు. అత్త కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

ఎలా మొదలుపెట్టాలో తెలీలేదు. సర్వర్ అనీ యాక్ అనీ చెబితే ఆయనకేం తెలుస్తుంది? మట్టలు పేర్చిన దుంగ మీద కూర్చుని, "మావా, కత సెప్తాను, ఊఁ కొడతావా?" అన్నాను.

నవ్వలేదు. కాయ తిప్పి గునపానికి గుచ్చి, "సెప్పు," అన్నాడు.

"అనగనగా ఒక పెట్టె."

"ఊఁ."

"గాలివానొచ్చి ఆ పెట్టె ఇల్లు మారినాది. ఇల్లు మారినానని పట్నంలో దొరకి కబురెట్టినాది."

"ఊఁ."

"దొర ఇనకుండానే ఊఁ అన్నాడు. రాసుకోకుండానే ఊఁ అన్నాడు. తలుపు దించమని పాత ఇంటికి కేకేసినాడు. అక్కడెవులున్నారు మావా, ఎవులూ నేరు."

ఆయన చెయ్యి ఆగింది. "ఊఁ," అన్నాడు, చాలా మెల్లగా. తర్వాత మళ్ళీ వలవడం మొదలుపెట్టాడు.

చెబుతూ పోయాను. ఊఁ మీద ఊఁ. నేను ముందే చెప్పానని, ఎవరూ వినలేదని. ఊఁ. తాళం పగలగొట్టినవాడే ఊరిని కాపాడాడని. ఊఁ. చివరికి వచ్చాను. ఆ మెరిసే చేతుల్ని చూస్తూ, గుడి తాళాలు వింటూ, నిజం ఎలా చెప్పను? నోట్లోంచి అదే వచ్చేసింది.

"ఆకరికి ఆపీసోళ్ళు తప్పు ఒప్పుకున్నారు మావా. నీ తప్పు నేదని ఊరందరి ముందర సెప్తారంట. నీ పని మల్లీ నీకిత్తారంట."

ఊఁ వినబడలేదు. తల ఎత్తాను. మావ కాయ కింద పెట్టి నావైపు చూస్తున్నాడు.

"సెవి ఇలగియ్యి," అన్నాడు.

ఇచ్చాను. నలభై దాటినదాన్ని, తల వంచి చెవి ఇచ్చాను. మెలిపెట్టాడు. నొప్పెయ్యలేదు, ఆ వేళ్ళకి పట్టు పోయింది.

"ఏనుగు జోబులో పడతాదేటే గుంటా?"

"పడదు మావా."

"మరైతే మొదట్నుంచి సెప్పు. సరిగ్గా సెప్పు."

కళ్ళు తుడుచుకుని మళ్ళీ అనగనగా అన్నాను. ఈసారి చివర ఏమీ మార్చలేదు. ఎవరూ ఒప్పుకోలేదని, ఎవరూ చెప్పరని, పని రాదని చెప్పాను. మావ అంతా విని, ఊఁ అన్నాడు.